పైపుకి గది కనపడాలి

పధ్నాలుగేళ్ళు అమెరికాలో పాత అపార్ట్‌మెంట్లలో పైపులు బాగుచేశాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు గానీ మా బావకి ఉండేది. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఎవరైనా "అంకుల్ ఏం చేస్తారండీ?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆయన "ఫెసిలిటీస్‌లో ఇంజనీర్" అని అడ్డం పడేవాడు. ఫెసిలిటీసూ లేదు, పాడూ లేదు. సింకు కింద వెల్లకిలా పడుకుని, మొహం మీద తుప్పు నీళ్ళు కారించుకునే పని.

నరసరావుపేటలో ఇరవై ఏళ్ళు నీళ్ళ సరఫరా పనుల్లో సూపర్‌వైజరుగా చేశాను. గ్రీన్ కార్డుకి అక్క వేసిన పిటిషన్ మీద 2001లో ఇక్కడికి వచ్చేనాటికి నాకు నలభై తొమ్మిది. అక్కడ నా బాధ పైపులో నీళ్ళు లేకపోవడం. ఇక్కడ నా బాధ ఆ నీళ్ళు రాయిగా మారడం. రెండింటిలోనూ తిట్లు తినేది పైపు దగ్గర నిలబడ్డవాడే.

ఈ మధ్య మనవాళ్ళలోనూ ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు కనపడుతున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను. ఏ ఏడు జీతం ఎంత పెరిగిందీ, ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చుకున్నదీ రాయను. ఎన్ని ఫారాలు నింపానో కూడా రాయను, ఒక్కటి తప్ప. ఆ ఫారం కింద నా సంతకం ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట వాళ్ళ మీద, సగం నా మీద.

రోడ్డుకి ఇవతల, అవతల

మా కాంప్లెక్స్ వర్జీనియాలో, ఆష్‌బర్న్‌కి పావుగంట దూరం. పేరు రాయను. మూడంతస్తుల ఎర్ర ఇటుక బ్లాకులు పన్నెండు. నా పెళ్ళి నాటికే పాతబడినవి. ఆష్‌బర్న్‌లో కొత్త ఇల్లు కొనే రోజు వచ్చేదాకా మనవాళ్ళు చాలామంది మొదట దిగేది ఇలాంటి చోటే. సగం తలుపుల ముందు చెప్పుల వరస, సాయంత్రమైతే మెట్ల మీద పోపు వాసన. నన్ను అందరూ కోటి అంకుల్ అనేవాళ్ళు. మేనేజరుకి కోటేశ్వరరావు నోరు తిరగక కోటీ అనేవాడు.

ఆ బ్లాకుల్లో వంటింటి సింకు సరిగ్గా కిటికీ కింద, బయటి గోడకి ఆనించి ఉంటుంది. అంట్లు తోముకుంటూ చెట్లు చూసుకోవచ్చని కాబోలు. సింకుకి నీళ్ళు తెచ్చే పైపు కూడా ఆ బయటి గోడలోంచే పైకి పోతుంది. అంటే పైపుకీ మంచుగాలికీ మధ్య ఒక వరస ఇటుక, చలి ఆపడానికి కుక్కిన కాస్త గాజు దూది. ఆ డిజైన్ గీసిన మహానుభావుడు ఒక్క జనవరిలో వచ్చి ఆ గోడకి చెయ్యి ఆనించి చూశాడా అని నా అనుమానం.

రోడ్డుకి అవతల నా కళ్ళ ముందే కిటికీలు లేని పెద్ద పెద్ద కట్టడాలు లేచాయి. డేటా సెంటర్లు. లోపలి యంత్రాలకి వేడి కాస్త పెరిగినా నలుగురి ఫోన్లు మోగుతాయట. ఆ ఫోన్లు మోగేవాళ్ళలో ఒకతను మా కాంప్లెక్స్‌లోనే రెండో అంతస్తులో ఉండేవాడు. పేరు ప్రసాద్. హెచ్ వన్ వీసా మీద వచ్చిన ఒంగోలు కుర్రాడు. యంత్రాలకి ఎంత చలి పెట్టాలో లెక్క చూడటం అతని ఉద్యోగం. అతని వంటింటి గోడలో ఎంత చలి ఉందో చూసేవాడు మాత్రం ఎవడూ లేడు. అది నా పనే, నేనూ చూడలేదు.

తల ఊపడం వేరు

నాకు పని నేర్పింది ఎర్ల్. అరవై దాటిన నల్లజాతి పెద్దమనిషి, ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగినవాడు. మొదటి చలికాలం నన్ను ఇంటింటికీ తిప్పి, సింకు కింద అలమర తలుపులు తెరిపించాడు.

"పైపుకి గది కనపడాలి" అన్నాడు. ఆయన ఇంగ్లీషులో అన్నదాన్ని నా తెలుగులో రాస్తున్నాను. "పైపు తనంతట తాను వేడెక్కదు. గదిలో ఉన్న వేడే దానికి దిక్కు. దానికీ గదికీ మధ్య ఏదీ అడ్డం పెట్టకు. దానికీ బయటికీ మధ్య మాత్రం ఎంత అడ్డం పెట్టగలిగితే అంత పెట్టు."

నేను తల ఊపాను. తల ఊపడం వేరు, తలకెక్కడం వేరు. అది మూడో ఏటికి గాని తెలిసిరాలేదు.

ఆయన చెప్పిన రెండో ముక్క కూడా రాసుకోండి. గడ్డకట్టినప్పుడు పైపు పగులుతుంది, కరిగినప్పుడు కారుతుంది. అందుకని చలి విరిగిన రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఆఫీసులో కూర్చునేవాళ్ళకి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. ఎండ రాగానే "బతికిపోయాం" అనుకుని కాఫీకి పోతారు.

మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది, అది మాత్రం పూర్తిగా మన సొత్తు. డిసెంబర్‌లో నెల రోజులు ఇండియా వెళ్తూ ఒక జంట నాకు తాళం ఇచ్చి, "అంకుల్, అన్నీ ఆఫ్ చేసేశాం. హీటర్ కూడా. మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. నేను కూడా "మంచి పని చేశారమ్మా" అన్నాను. మన ఊళ్ళో ఇంటికి తాళం వేసేటప్పుడు కరెంటు మెయిన్ ఆపడం బుద్ధిమంతుల లక్షణం కదా. ఇక్కడ ఆ బుద్ధే కొంప ముంచుతుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి పైపు పగిలి, వంటింట్లో నేల పలకలు ఊడి, సగం సామాను పెట్టెలు తడిసి ఉన్నాయి. వాళ్ళకి తెలియదు సరే, జీతం తీసుకునే నాకు తెలియవద్దా? అప్పటికి నేను వచ్చి ఒక్క చలికాలమే అయింది. అయినా అది సాకు కాదు.

తలుపు మీద కాగితం

మూడో చలికాలం, జనవరి. రెండు రోజుల్లో విపరీతమైన చలి వస్తోందని టీవీ మొత్తుకుంటోంది. మేనేజర్ డగ్ ఒక నోటీసు కొట్టించి అన్ని తలుపులకీ అంటించమన్నాడు. డగ్ చెడ్డవాడని చెప్పలేను. పుట్టినరోజులకి కేకు తెప్పించేవాడు. కానీ ఆయన దృష్టిలో బిల్డింగ్ అంటే ఫైలు. ఫైలు పొడిగా ఉంటే గోడ తడిసినా ఫరవాలేదు.

నోటీసులో ఉన్నది ఇంతే. ఈ రెండు రాత్రులూ కుళాయిలు సన్నగా కారనివ్వాలి. పాటించకపోతే జరిగే నష్టానికి అద్దెకున్నవాళ్ళదే బాధ్యత. ఎందుకు కారనివ్వాలో ఒక్క ముక్క లేదు. బెదిరింపుకి మాత్రం పెద్దక్షరాలు దొరికాయి.

"సగం మంది తెలుగువాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఉంటారు. కింద తెలుగులో నాలుగు ముక్కలు రాస్తాను" అన్నాను.

"ఇవాళ ఒక భాషలో వేస్తే రేపు ఆరు భాషల్లో వెయ్యాలి. లీజు మీద సంతకం ఇంగ్లీషులోనే పెట్టారు కదా" అన్నాడు డగ్.

అప్పుడే ఇంకొకటి కూడా గుర్తు చేశాను. ప్రసాద్ వాళ్ళ వంటింటి వెనక, బయటి గోడకి ఒక కేబుల్ మనిషి బొటనవేలంత కన్నం పొడిచి, అందులోంచి తీగె లాగి, కన్నం మూయకుండా పోయాడు. ఆ సంగతి సెప్టెంబర్‌లో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి కాగితం మీద రాసిచ్చాను. డగ్ మనుషుల్ని పంపిస్తానన్నాడు. ఇప్పుడడిగితే "చలి తగ్గాక చూద్దాం" అన్నాడు. గొడుగు వాన తగ్గాక కొందామన్నట్టు. నేను నోటీసులు తీసుకుని పోయాను. నిచ్చెన వేసుకుని నేనే అయిదు నిమిషాల్లో మూసి రావచ్చు. నాది కాని పని చేస్తే మాట వస్తుందని ఊరుకున్నాను.

గిన్నెలన్నీ నిండాక

రెండు రాత్రులు గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం చక్కగా ఎండ కాసింది. ఎర్ల్ చెప్పినట్టే సరిగ్గా అప్పుడు ఫోన్ వచ్చింది. ప్రసాద్ వాళ్ళ కింది ఫ్లాట్‌లో కప్పు నుంచి నీళ్ళు పడుతున్నాయి. బ్లాకు నీళ్ళ మెయిన్ కట్టేసి పైకి పరిగెత్తాను.

తలుపు తీసింది ప్రసాద్ తల్లి, నాగరత్నమ్మ గారు. కోడలు సుజాత పురిటికని ఆవిడ ఇండియా నుంచి వచ్చి రెండు నెలలయింది. లోపలి గదిలో ఇరవై రోజులు నిండని పసిబిడ్డ. ఆవిడ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, తువ్వాళ్ళతో నేల తుడుస్తున్నారు. వంటింట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. గట్టు మీద, నేల మీద, స్టవ్ మీద గిన్నెలు. అన్నం గిన్నె, పప్పు గిన్నె, రెండు కుక్కర్లు, గాజు జగ్గు, చివరికి బిడ్డకి నీళ్ళుపోసే ప్లాస్టిక్ టబ్బు. అన్నీ అంచుల దాకా నీళ్ళతో ఉన్నాయి.

ప్రసాద్ ఆఫీస్ నుంచి వచ్చాడు. వెనకే డగ్, చేతిలో ఫారం బిగించిన అట్టతో. "కుళాయి సంగతి అడుగు" అన్నాడు నాతో.

"అమ్మా, రాత్రి కుళాయి కారనిచ్చారా, కట్టేశారా?" అని అడిగాను.

"కారనిచ్చా నాయనా. కోడలు చెప్పిందిగా కాగితంలో ఉందని. నీళ్ళు ఊరికే పోతా ఉంటే చూళ్ళేక గిన్నె పెట్టా. అది నిండింది, ఇంకోటి పెట్టా. కుక్కర్లు పెట్టా. బిడ్డ టబ్బు పెట్టా. ఇంక ఇంట్లో ఖాళీది ఒక్కటీ లేకపోయె. అప్పుడు కట్టేశా. మరి ఎక్కడ పొయ్యను?"

ఆవిడది కనిగిరి వైపు. ఆ వైపు ఎండాకాలం తాగే నీళ్ళంటే ఏమిటో నాకు తెలుసు. ట్యాంకరు దగ్గర బిందెల తగాదాలు తీర్చిన చేతులు ఇవి. కుళాయి కారే ఇంట్లో లక్ష్మి నిలవదని నమ్మే మనిషి, ఒక రాత్రంతా కూర్చుని గిన్నె తరవాత గిన్నె మార్చుకుంటూ, తెలియని దేశం వాళ్ళ మాట చెల్లించడానికి తన చేతనైనంతా చేసింది.

డగ్ నా మొహం చూస్తున్నాడు. "ఏమంటోంది?"

"కట్టేశానంటోంది" అన్నాను.

అంతే చెప్పాను. గిన్నెల సంగతి చెప్పలేదు. పొడుగు మాట, ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు, కింద నీళ్ళు కారుతున్నాయి, డగ్ తొందరలో ఉన్నాడు. ఇవన్నీ నిజాలే. ఏ ఒక్కటీ పనికొచ్చే నిజం కాదు. డగ్ కారణం అన్న చోట "అద్దెదారు కుటుంబం కుళాయి మూసినట్టు ఒప్పుకుంది" అని రాసి అట్ట నా ముందుకి జరిపాడు. తనిఖీ చేసిన టెక్నీషియన్ అన్న గీత మీద సంతకం పెట్టాను. ఏం తనిఖీ? గోడ ఇంకా తెరవనే లేదు.

నాలుగో రోజుకల్లా ప్రసాద్ చేతికి కాగితం వచ్చింది. లీజు రద్దు, నెలలోపు ఖాళీ చెయ్యాలి. అతను పార్కింగ్‌లో నన్ను ఆపాడు.

"అంకుల్, లీజ్ టెర్మినేట్ చేస్తున్నారు. ఈ చలిలో, బేబీతో ఎక్కడికి షిఫ్ట్ అవ్వను? రికార్డ్‌లో నెగ్లిజెన్స్ అని ఉంటే ఇంకో చోట అపార్ట్‌మెంట్ ఇస్తారా?"

"మీ అమ్మగారేమంటున్నారు?"

"ఏమంటుంది? టికెట్ బుక్ చెయ్యి, వెళ్ళిపోతానంటోంది. నేనే మాట్లాడట్లేదు. నోటీస్ చదివి చెప్పాం కదా అంకుల్, అయినా క్లోజ్ చేసింది. ఆ ఒక్క రాత్రి వదిలేస్తే పోయేదా?"

తల దించుకున్నాను. ఒక తప్పుడు కారణం కాగితం మీద పడితే చాలు, సొంత కొడుకు కూడా దాన్నే నమ్ముతాడు.

గోడ కోశాక

ఆ వంటింటి పైపు ఒక్కదానికే నీళ్ళు ఆపి, ఫ్యాన్లు పెట్టి గోడ ఆరబెట్టి, ప్రసాద్‌కి కాగితం వచ్చిన మర్నాడు నేనూ ఎర్లూ లోపలి వైపు డ్రైవాల్ అనే అట్టగోడని కోశాం. ముందు కనపడింది గులాబీ రంగు గాజు దూది. కొత్తది, మందంగా, నిండుగా కుక్కి ఉంది. ఎర్ల్ దాన్ని రెండు చేతులతో లాగాడు. దాని వెనక రాగి పైపు, జానెడు పొడుగున పెదవులు విప్పినట్టు పగిలి ఉంది. పైపు వెనక ఏమీ లేదు. ఒట్టి ఇటుక, అందులో బొటనవేలంత కన్నం, కన్నంలోంచి వెలుతురు.

"ఈ దూది ఎవరు పెట్టారు?" అన్నాడు ఎర్ల్.

నేనే. అంతకు ముందు వేసవిలో ఆ పైపుకి చిన్న చిల్లు పడితే గోడ తెరిచి అతికింది నేనే. పాత దూది పైపు వెనక పల్చగా, నలిగి ఉంది. అది తీసిపారేసి, కొత్తది మందంగా తెచ్చి, పైపు ముందు శ్రద్ధగా కప్పాను. చలికి వణికే మనిషికి దుప్పటి కప్పినట్టే అనుకున్నాను. వేడి దేశంలో పుట్టి పెరిగిన బుద్ధి అది. దుప్పటి వేడి పుట్టిస్తుందని దాని నమ్మకం. దుప్పటి ఏమీ పుట్టించదు. ఉన్న వేడిని దాటనివ్వదు, అంతే. మనిషి ఒంట్లో వేడి ఉంది కనుక దుప్పటి పనిచేస్తుంది. పైపు ఒంట్లో ఏముంది?

ఎర్ల్ ఆ దూదిని కింద పెట్టాడు. తరవాత మెల్లగా అన్నాడు. "నువ్వు గదికి దుప్పటి కప్పావు, కోటీ. పైపుని బయట పడుకోబెట్టావు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆఫీసుకి పోయి డగ్‌తో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దూది నా తప్పు, కన్నం మన తప్పు, ఆవిడ కుళాయి కారనిచ్చి ఉంటే ఆ రాత్రి గడిచేదేమో గానీ ఆ గోడలో పైపు ఇంకో చలికి ఎలాగూ పగిలేదే అన్నాను. కుళాయి కారనివ్వడం కుంటివాడికి ఊతకర్ర. కాలు విరగ్గొట్టింది మనమైతే, కర్ర వదిలేశావని వాణ్ణి తిడతామా?

డగ్ తలెత్తకుండా విన్నాడు. "పైపు మార్చావా?"

"మార్చాను."

"అయితే గోడ మూసెయ్. ఫారం పైకి వెళ్ళిపోయింది. తప్పు నాది అని నీకై నువ్వు రాసుకుంటావా ఏమిటి? నీకు ఈ ఉద్యోగం అక్కర్లేదా?"

నాకు ఉద్యోగం కావాలి. ఇంట్లో భార్య ఉంది, చదువుకునే కూతురుంది. దూదిని సరైన వైపు పెట్టాను. కన్నంలో తాత్కాలికంగా గుడ్డ కుక్కాను. గోడ మాత్రం మూయలేదు. గోడకి వేసే అట్ట స్టాకు లేదని డగ్‌తో అబద్ధమాడాను. అంతవరకే నా ధైర్యం వచ్చింది.

మర్నాడు పొద్దున ప్రసాద్ ఆఫీస్‌కి పోయాక వెళ్ళాను. నాగరత్నమ్మ గారు బకెట్‌లోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని పాలసీసాలు కడుగుతున్నారు. పక్కనే కుళాయి ఉంది. ఆవిడ దాని మీద చెయ్యి వెయ్యట్లేదు. కావలసిన నీళ్ళు కోడలు పట్టిపెడుతోంది.

"అమ్మా, తప్పు మీది కాదు, నాది" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. గోడలో దూది చూపించాను. ఆవిడ సీసా కడగడం ఆపకుండా విన్నారు.

"పైపు ప్రాణం కోసం నీళ్ళు వదలమంటున్నారని ముందే చెబితే, నిండిన గిన్నెలు పారబోసయినా వదిలేదాన్నిగా" అన్నారు. "ఎందుకని ఎవురూ చెప్పలేదే."

"చెప్పలేదమ్మా. అది కూడా మా తప్పే."

"ఇప్పుడు ఇది నాకొక్కదానికీ చెబితే ఏమొచ్చె, నాయనా? అప్పుడు అడిగింది అందరి ముందరా అడిగావు. ఇది కూడా అందరి ముందరే చెప్పు."

ఆవిడ గొంతు పెంచలేదు. నేను ఇంటికి పోయి అన్నం సయించక పడుకున్నాను. నా మీద నాకొచ్చిన కోపం ఒక ఎత్తయితే, ఈ ముక్క నాకు తట్టనే లేదే అన్న సిగ్గు ఒక ఎత్తు. రహస్యంగా ఒప్పుకుంటే పెద్ద మంచివాణ్ణయిపోయానని మురిసిపోవడానికి సిద్ధంగా వెళ్ళాను నేను.

అందరి ముందూ

శనివారం డగ్‌ని పిలిచాను, గోడ మూసేముందు ఒకసారి చూసి పొమ్మని. ప్రసాద్‌ని ఇంట్లో ఉండమన్నాను. ఎర్ల్ నేను పిలవకుండానే వచ్చాడు. నాగరత్నమ్మ గారు కొడుకు స్వెట్టర్ వేసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

ముందు ఇంగ్లీషులో చెప్పాను, తరవాత తెలుగులో. దూది నేను తప్పు వైపు పెట్టాను. కన్నం గురించి రెండుసార్లు రాసిచ్చాను. ఆవిడ కుళాయి కట్టేశారని ఆ రోజు చెప్పాను, కానీ ఇంట్లో ఉన్న ప్రతి గిన్నే నిండేదాకా కట్టలేదన్న మాట నేను మింగేశాను. అన్నం గిన్నె, పప్పు గిన్నె, కుక్కర్లు, బిడ్డ టబ్బు, అన్నీ పేరు పేరునా చెప్పాను. ఈసారి ఇంగ్లీషు బాగానే వచ్చింది.

"ఇవన్నీ ఆఫీసులో మాట్లాడుకుందాం" అన్నాడు డగ్.

నేను వంగి కన్నంలో గుడ్డ లాగాను. సన్నటి చలిగాలి సూటిగా లోపలికి కొట్టి, ఆయన చేతిలో అట్ట మీది కాగితం టపటపలాడింది. ఆయన దాన్ని బొటనవేలితో అదిమిపట్టాడు. జరిగింది జరిగినట్టు నేను రాసి తెచ్చిన రెండో ఫారం ఆ అట్ట మీదే పెట్టాను. ఆయన తీసుకున్నాడు.

వారం తిరిగేసరికి లీజు రద్దు కాగితం వెనక్కి తీసుకున్నామని ఆఫీసువాళ్ళు ప్రసాద్‌కి ఫోన్‌లో చెప్పారు. రాసివ్వమంటే రాసివ్వలేదు. క్షమించమన్న మాట ఎవరూ అనలేదు. అలాంటివాళ్ళు తప్పుని దిద్దరు, చల్లగా మరిచిపోతారు. నన్ను తీసెయ్యలేదు, ఎందుకంటే నా జీతానికి నాలా పనిచేసేవాడు దొరకడని వాళ్ళకి తెలుసు.

ఆ శనివారం డగ్ వెళ్ళాక ప్రసాద్ కాసేపు గోడలోకి చూస్తూ నిలబడ్డాడు. తల్లి వైపు తిరగకుండానే, "అమ్మా, అంకుల్‌వాళ్ళకి కాఫీ పెడతావా?" అన్నాడు. ఆవిడ గిన్నె తీసుకుని, కుళాయి తిప్పి నీళ్ళు పట్టారు. ఎర్ల్ ఆ కాఫీలో పంచదార ఎక్కువైందన్నాడు గానీ రెండోసారి కూడా పోయించుకున్నాడు.

మీకు చెప్పేది

గోడ తెరిచేదాకా కారణం రాయకండి. దూది ఎప్పుడూ పైపుకి చలి వైపు ఉండాలి, గది వైపు కాదు. బయటి గోడకి ఎవడు కన్నం పొడిచినా ఆ రోజే మూయండి. మీది కాని పని అంటే అననివ్వండి. గడ్డకట్టిన పైపుని మంటతో కాల్చకండి. నా తరవాత వచ్చిన ఒక కాంట్రాక్టరు అలా చేసి, గోడ లోపల చెక్కకి నిప్పంటించాడు. తలవెంట్రుకలు ఆరబెట్టుకునే మిషనూ, ఓపికా చాలు, కుళాయి దగ్గర నుంచి వెనక్కి పోతూ వెచ్చబెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకో చెప్పండి. ఆ మరుసటి చలికాలం నుంచి డగ్ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, నేను తలుపు తలుపుకీ తిరిగి తెలుగులో చెప్పాను. పైపులో నీళ్ళు కదులుతుంటే అంత తొందరగా గడ్డకట్టవు, కట్టినా లోపల ఒత్తిడి పెరగదు అని. "గిన్నె పెట్టుకోండమ్మా, నిండితే మొక్కలకి పోసుకోండి, కట్టకండి" అని. ఒక్క పెద్దావిడ కూడా మళ్ళీ కట్టలేదు. మనుషులకి బుద్ధి లేదని తిట్టేవాళ్ళు చాలామంది, ఆ మనుషులకి కారణం చెప్పే ఓపిక లేనివాళ్ళే.

2015లో నేను దిగిపోయే చివరి వారం పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నారు. డగ్ అప్పటికి ఇంకో కంపెనీలో ఇంకా పెద్ద కుర్చీకి వెళ్ళిపోయాడు. ప్రసాద్ వాళ్ళ ఫ్లాట్ ఫైలు తెరిచాను. మొదటి ఫారం ఉంది. అద్దెదారు కుటుంబం కుళాయి మూసినట్టు ఒప్పుకుంది. కింద నా సంతకం, కొట్టొచ్చినట్టు నీలం సిరాలో. రెండో ఫారం లేదు. నేను కన్నం గురించి రాసిచ్చిన కాగితాలూ లేవు. ఫైలు పొడిగా ఉంది.

ప్రసాద్‌కి ఫోన్ చేశాను. అప్పటికే అతనికి ఆష్‌బర్న్‌లో సొంత ఇల్లు, కూతురు మిడిల్ స్కూల్‌కి వచ్చింది. వాళ్ళమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు.

"పోనీలెండి అంకుల్, ఎప్పటిదో ఓల్డ్ ఫైల్. ఎవరు చూస్తారు?" అన్నాడు మంచి మనసుతో.

గోడ లోపల కూడా ఎవరూ చూడరు, ప్రసాద్. ఎవరూ చూడరన్న ధీమాతోనే అందరం అన్నీ చేశాం.

అందరి ముందూ చెప్పమన్నారు ఆవిడ. ఆ రోజు గదిలో ఉన్నది అయిదుగురం. అది చాల్లేదని ఫైలు చూశాక తెలిసింది. కనుక ఇప్పుడు రాస్తున్నాను. నాగరత్నమ్మ గారు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నిండాకే కుళాయి కట్టేశారు. ఎందుకు కట్టకూడదో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. కన్నం మూయనిది ఆఫీసు. దూది తప్పు వైపు పెట్టింది నేను. పోయిన ఫారం ఇదే. దీని కింద కూడా నా సంతకమే.

కోటేశ్వరరావు